రుచి చూడని అప్పళాలు

ధర్మవరం
13-2-1961

అక్క నీలావతికి తమ్ముడు ఎర్రిస్వామి రాసేది.

క్షేమమని మొదలుపెట్టి క్షేమమని ముగించే జాబు కాదిది. కూర్చుని చదువు. చదివినాక బావకు కూడా వినిపించు.

శనివారం బావ హిందూపురంలో అమ్మను రైలెక్కించినాడు కదా. నేను ఇక్కడి నుంచి పోయి పెనుకొండ స్టేషన్లో దింపుకున్నాను. అమ్మ చేతులు పుల్లలు, కడుపు మాత్రం కుండ. రైలు పెట్టెలో ఎవరో ముసలాయన "నెలలు నిండిన మనిషిని ఒంటిగా పంపినారే, ఏమి మనుషులో" అన్నాడంట. మొగుడు పోయి తొమ్మిదేండ్లయిన మనిషిని! అమ్మ అది తమాషాగా చెప్పుకుని నవ్వుతోంది. నేను ఆ ముసలాయన ఏ పెట్టెలో ఉన్నాడో అడిగి, కదిలిపోతున్న రైలు వెంట ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తినాను. దొరకలేదు. వాడి అదృష్టం.

పెనుకొండ డాక్టరు మిలిటరీలో చేసి వచ్చినాయన. కడుపు మీద వేళ్ళు పెట్టి తట్టినాడు, పక్కకు తిప్పి తట్టినాడు. "లివరు గట్టిపడిపోయుండాదప్పా. అందుకే కడుపులోకి నీళ్ళు దిగుతాండాయి" అన్నాడు. తర్వాత నన్ను బయటికి పిలిచి, "మీయమ్మ సారా గీరా ఏమన్నా తాగుతాదా?" అని అడిగినాడు. అక్కా, నేను ఆయన మేజా మీద గుద్దినాను. సీసాలన్నీ గలగలమన్నాయి. ఆయన కోపం చేసుకోలేదు. "తాగనోళ్ళకీ వస్తాది. అడగడం నా పని. కూర్చో" అన్నాడు. మరి ఎందుకొచ్చిందయ్యా అంటే ఆయనకూ తెలియదంట. అంత చదువు చదివి!

సూది గుచ్చి నీళ్ళు తీసినాడు. సగం బకెట్టు. ఆ బకెట్టును నేనే మోసుకుపోయి పారబోసినాను.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. ఇది పోయే జబ్బు కాదు, ఆపుకోగలిగే జబ్బు. ఉప్పు ఒంట్లో నీళ్ళను పట్టి నిలబెడుతుంది. ఉప్పు మానేసి, బలమైన తిండి, అంటే పాలు, గుడ్లు, పప్పులు బాగా తింటే ఏండ్లు బతుకుతుంది. మానకపోతే వచ్చే వానాకాలం చూడదు. ఇంతే. మధ్యలో ఇంకో దారి లేదు.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా రైలింజిన్ల షెడ్డులో బోర్డులు, పొట్లాల కాగితాలు. అయినా పెద్ద పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాసి అమ్మ చేతిలో పెట్టి రైలెక్కించినాను. మొదటి వరసలో పాలు. రెండో వరసలో కోడిగుడ్లు. మూడో వరసలో కందిపప్పు, పెసరపప్పు, మినపపప్పు. కింద గీత గీసి, ఉప్పు, ఊరగాయ, ఎండుచేప, అప్పళం వద్దు అని రాసినాను. దాన్ని పొయ్యి దగ్గర గోడకు అంటించు. నెలకొకసారి పెనుకొండకు రమ్మన్నాడు, నేను వచ్చి దింపుకుంటాను.

తల్లిని కూతురింట్లో పెట్టి జాబుల్లో పెత్తనం చేస్తున్నాడే అనుకుంటావేమో. అనుకో. షెడ్డు పక్కన ఒక గదిలో నలుగురం పడుకుంటాము. క్వార్టర్సుకు అర్జీ పెట్టి రెండేండ్లయింది. వచ్చిన రోజే అమ్మను తెచ్చుకుంటాను.

ఎర్రిస్వామి


హిందూపురం
24-2-1961

ఎర్రికి మీయక్క దీవించి రాసేది.

ముసలోళ్ళ వెంట పరిగెత్తడం, డాక్టర్ల మేజాలు గుద్దడం ఎప్పుడు మానుతావురా? ఆయన మందు ఇయ్యను పో అని ఉంటే ఏమి చేసుండేవాడివి?

చీటీని అన్నం మెతుకులతో గోడకు అంటించినాను. అమ్మకు అక్షరం రాదు కదా, రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, "ఏమి రాసినాడో ఇంగొకతూరి చదువు" అంటుంది. మూడు రోజులకే నోటికి వచ్చింది. ఇప్పుడు నేను వరస తప్పితే ఆమె దిద్దుతుంది.

ఆమెకు వేరే చిన్న కుండలో వండుతున్నాను. సంగటిలో ఉప్పు లేదు, పప్పులో లేదు. నిమ్మకాయ పిండుతాను, మిరియాలు దంచి వేస్తాను. మొదటి ముద్ద మీద ఇంకొంచెం నిమ్మకాయ పిండుకుని మింగింది. తర్వాత, "ఇన్నాళ్ళూ అల్లునింటి ఉప్పు తింటానామే అని కుమిలిపోతాంటి. డాక్టరు పుణ్యమా అని ఆ రుణం తీరిపాయ" అంది. మీ బావ వింటున్నాడు. ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గుడ్ల సంగతి నాకు వదిలేయ్. అడగవద్దు.

ఒక్కటే నా మాట వినలేదు. అప్పళాల పని మానుకోమంటే మానదు. ఉగాది దాటితే పెండ్లిళ్ళు, నాలుగిండ్లవాళ్ళు ముందే చెప్పిపోయినారు. "చేతులకేమి జబ్బు? కూతురింట్లో కాళ్ళు చాపుకుని తినేదాన్ని కాదు" అంటుంది. అమ్మ రోకలి పోటు వినబడితే చాలు, రామాంజినమ్మ పిండి మొదలుపెట్టిందని వీధంతా తెలిసిపోతుంది. నీకు భయం అక్కర్లేదు. కాల్చిన అప్పళం ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టదు. పిల్లోళ్ళు తింటుంటే మొగం తిప్పుకుంటుంది. నేను చూస్తానే ఉన్నాను.

నువ్వు వేళకు తిను.

నీలావతి


ధర్మవరం
13-3-1961

అక్కకు.

కవరు కొనేంత ఓపిక లేదు, కార్డు చాలు నీకు. శనివారం మళ్ళీ బకెట్టు. ఈసారి నిండా. కాళ్ళు వేలితో నొక్కితే గుంట పడి అట్లే ఉంటుంది. డాక్టరు నా మొగం చూసి "ఇంట్లో ఎవురో అబద్ధం చెప్తాండారప్పా" అన్నాడు. సారా సంగతి మళ్ళీ అడిగినాడు. ఈసారి మేజా గుద్దలేదు. ఏ మొగం పెట్టుకుని గుద్దేది?

ఉప్పు వేస్తున్నది నువ్వా, మీ అత్తా? అమ్మ అడిగిందని జాలిపడి ఊరగాయ వేస్తున్నావా? నీ జాలి అమ్మను చంపుతుంది. వానాకాలానికి మూడు నెలలు ఉంది.

ఎర్రిస్వామి


హిందూపురం
19-3-1961

ఎర్రిస్వామికి.

నీ కార్డు మా అత్త చేతికిచ్చి పోయినారు. ఆమెకు చదువు రాదు. వాకిట్లో పోయే మనిషిని పిలిచి చదివించుకుంది. గట్టిగా. నేను నీళ్ళ బిందెతో వచ్చేసరికి "సారా" దగ్గర ఉన్నారు.

పొద్దు గూకేలోపల వీధంతా ఒకటే మాట. "రామాంజినమ్మ తాగుతాదంట, కడుపు అందుకే ఉబ్బిందంట." పెండ్లి అప్పళాలు చెప్పిన నాలుగిండ్లలో రెండిండ్లవాళ్ళు వద్దని కబురు పంపినారు. మా అత్తను నువ్వు అనిన మాటకు మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నీకు కార్డయితేనేమి, కవరైతేనేమి. ఉండేది నేను ఇక్కడ.

ఉప్పు జాడీ అటక మీద ఉంది. నేను ఇంకొకటి నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. నెల రోజులుగా నేనూ అమ్మ కుండలోదే తింటున్నాను. ఆమె ఒక్కతే తినలేక తినకుండా లేస్తుందని. ఉప్పు లేని ముద్ద గొంతు దాటడం ఎట్లుంటుందో నాకు తెలుసు, నీకు తెలియదు. ఇక ఆమెకు దొంగతనంగా ఉప్పు పెట్టే జాలి నాకు యాడ నుంచి వస్తుంది?

అమ్మకు నీ కార్డు సంగతి తెలిసింది. ఏమనిందో తెలుసా? "వాడు కోపంలో రాసినాడు. కోపం లేకుంటే వాడు రాయనే రాయడు" అంది.

నీలావతి


ధర్మవరం
3-4-1961

అక్కకు.

కార్డు రాయడం తప్పు. ఒప్పుకుంటున్నాను. కానీ కార్డు లోపల ఉన్నది తప్పని ఒప్పుకోను.

నిన్న చిన్నప్ప హిందూపురం బండి మీద పోయి వచ్చినాడు. వాడు ఇంజిన్లో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్, నా గదిలోవాడు, అబద్ధం చెప్పే మనిషి కాదు. అమ్మను చూసి రమ్మని నేనే పంపినాను. వచ్చి ఏమంటాడు? "మీయమ్మ మధ్యాన్నమైతే పక్కింటి సుగ్రా ఇంట్లోకి పోతాదబ్బా. కొంగుతో మూతి తుడ్సుకుంటా వస్తాది. రోజూ ఇదేనంట." అక్కా, పక్కింట్లో ఏమి తింటోంది? కూరా? చారా? వాళ్ళ జాడీ కూడా అటక మీద ఉందా? లేకపోతే నీ ఇంట్లో కడుపు నిండక పోతోందా? ఏది నిజమైనా నాకు సిగ్గే.

అదే కోపంలో క్వార్టర్సు సంగతి అడగడానికి ఆఫీసుకు పోయినాను. అక్కడి గుమాస్తా పెన్ను కింద పెట్టకుండా, "పెండ్లయినోళ్ళకే ఇల్లు. ముందు పెండ్లి చేసుకో పో" అన్నాడు. తల్లి ఉంటే సంసారం కాదంట. ఇంజిన్‌కు పట్టిన మసిని నేను గోకి తీస్తాను, ఇట్లాంటివాళ్ళకు పట్టిన మసి ఎవరు తీసేది? ఆ మాట వాడితోనే అన్నాను. అర్జీ అడుక్కి పోయి ఉంటుంది.

నాకు సమాధానం కావాలి. అమ్మ సుగ్రా ఇంట్లో ఏమి తింటోంది?

ఎర్రిస్వామి


హిందూపురం
10-4-1961

ఎర్రిస్వామికి.

గుడ్లు తింటోంది. నీ చీటీలో రెండో వరస.

మీ బావకు చిన్నప్పుడు అమ్మవారు పోస్తే, బిడ్డ బతికితే నా పొయ్యి మీద నీచు పెట్టనని మా అత్త మొక్కుకుంది. ముప్పై ఏండ్లుగా ఈ ఇంట్లో గుడ్డు పగలలేదు. అందుకని సుగ్రా తన పొయ్యి మీద రెండు గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, ఉప్పు తగలకుండా అమ్మకు పెడుతుంది. నేను కాళ్ళు పట్టుకుని అడగలేదు, ఆమే వచ్చి "మా ఇంట్లో తినేది ఎవురు చూస్తారక్కా" అంది. మా అత్తకు తెలియకుండా నెలన్నర నడిచింది. ఇప్పుడు నువ్వు గూఢచారులను పెట్టినావు. చిన్నప్ప వీధిలో నలుగురిని అడిగిపోయినాడు, మా అత్త చెవిన పడింది. పోట్లాడుతుందనుకున్నాను. దేవుని గూటి దగ్గర కూర్చుని, "తినేది బతికేదానికే కదా" అని ఒక్క మాటంది. నీకంటే ఆమె నయం.

ఇంక నేను జాబు రాయను. నువ్వు నమ్మవు, నాకు నమ్మించే శక్తి లేదు. అమ్మ నీకు చెప్పమన్నది చెప్పినట్టు రాసి ముగిస్తున్నాను.

"ఎర్రీ, మీయక్కను తిట్టొద్దు నాయనా. నీ చీటీ నేను దాటింటే ఒట్టు. మొదటి వరస పొద్దున్నే తాగుతాండా. రెండో వరస సుగ్రా ఇంట్లో. మూడో వరసలో కందిపప్పు, పెసరపప్పు నాకు ఉప్పు లేకుంటే దిగవు. మినపపప్పయితే నా చేతి కిందనే ఉండాది కదా. మునుపు పిండి రుచి చూసేదానికి గోరంత వేసుకునేదాన్ని. ఇప్పుడు బలానికని పూటకు రెండు ఉండలు, నిమ్మకాయంతవి, మింగుతాండా. అప్పళం మాత్రం ఒక్కటీ తినలేదు. ఇంత తింటానా, ఈ నీళ్ళు యాడ నుంచి వస్తాండాయో ఆ డాక్టరునే అడుగు."

నీలావతి


ధర్మవరం
16-4-1961

అక్కా,

నీ జాబు షెడ్డులో మొదటిసారి చదివినప్పుడు నీ మీద కోపంతోనే చదివినాను. గూఢచారులన్న మాట దగ్గరే ఆగిపోయినాను. రెండోసారి చదివినప్పుడు అమ్మ మాటలు కనబడినాయి. డ్యూటీ దిగి ఆ బట్టలతోనే పెనుకొండ బండి ఎక్కినాను.

డాక్టరు జాబు నా చేతే చదివించినాడు. అయినాక అడిగినాడు.

"అప్పళాల పిండిలో ఏమేమి ఏస్తారప్పా?"

"మినపపిండి. మిరియాలు. ఇంగువ."

"ఇంకా?"

"ఉప్పు."

"ఇంకా?"

"పొంగేదానికి సోడా ఉప్పు."

ఆయన కండ్లద్దాలు తీసి మేజా మీద పెట్టినాడు. "రెండూ ఒక జాతివే. ఒంట్లో పోయి చేసే పని ఒకటే. కూరలో మీరు మాన్పించిన ఉప్పు కంటే ఆ ఉండల్లో ఎక్కువుంటాది" అన్నాడు. అప్పళం వద్దని రాసినాము కదా సార్ అన్నాను. "అప్పళం వద్దంటే ఆమె అప్పళం తినలేదు. పప్పు తినమంటే పప్పు తినింది. ఆమె తప్పేముండాది?" అన్నాడు. పిండి అప్పళమయ్యేది కాలినాకే కదా అక్కా అమ్మ లెక్కలో. అంతకు ముందు అది పప్పే.

నేను లేచి వస్తుంటే వెనక్కి పిలిచినాడు. "నేను చెప్పింది కంది, పెసర. మినపపప్పు నా నోట వచ్చినట్టు లేదే?"

ఆయన నోట రాలేదు. నేను కలిపినాను. పెద్ద అక్షరాలతో రాస్తే ఆ వరసలో రెండు పప్పులూ బోసిగా కనబడినాయి. చిన్నప్పుడు అమ్మ మినప సున్ని చేసి, ఇది తింటే గుండ్రాయి ఎత్తుతావు అనేది గుర్తొచ్చి, మూడోది రాసినాను. రాసి, బాగుందని మళ్ళీ చూసుకున్నాను కూడా.

నిన్ను అబద్ధాలకోరువన్నాను. మీ అత్తను అన్నాను. సుగ్రాను అన్నాను. వీధిలో అమ్మ పరువు తీసినాను. అన్నీ చేసింది ఆ ఒక్క మాట రాసిన చెయ్యే. క్షమించమని అడగడం నాకు రాదు, ఏ బోర్డు మీదా అది నేర్చుకోలేదు. నువ్వే ఏదో ఒకటి అనుకో.

చీటీ చింపి పొయ్యిలో వెయ్యి. అమ్మకు నిజం చెప్పు. పిండి గోరంత కూడా నాలుక మీద పెట్టకూడదు. గోరంత కూడా!

ఎర్రి


హిందూపురం
8-5-1961

తమ్ముడా,

రాయనని చెప్పి రాస్తున్నాను. అమ్మ మాటలు నా చేత్తోనే రాసినాను, నాకూ తట్టలేదు. అందుకని తప్పులో సగం నాది. పంచుకుందాము.

నీ జాబు అమ్మకు మూడుసార్లు చదివినాను. తర్వాత రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. చెప్పిన పెండ్లివాళ్ళు వచ్చి నిలబడితే లేవలేదు. "రుచి చూడకుండా పిండి కలపమంటారే, కండ్లు మూసుకుని దారి నడువు అన్నట్టుండాది. నాలుక తీసేస్తే రామాంజినమ్మలో ఏముండాది?" అంది. జబ్బని చెప్పినప్పుడు కూడా ఇట్లా పడుకోలేదురా.

మూడో రోజు పొద్దున లేచి, రోలు కడిగి, నన్ను పిలిచింది. "నువ్వు పిండి చూడు. నేను నిన్ను చూస్తా" అంది. నేను నోట్లో వేసుకుని సరిపోయిందన్నాను. ఆమె నా మొగంలోకే చూస్తూ, "సరిపోలేదు. నీ కనుబొమ కదలలేదు. ఇంగొంచెం ఎయ్యి" అంది. వేసినాను. చూసినాను. "ఇప్పుడు కదిలింది. చాలు" అంది. రోజంతా నా మొగమే ఆమెకు నాలుక. ఇప్పుడు అదే అలవాటైపోయింది. నీ జాబు చదువుతున్నా కాగితం వైపు చూడదు, నా మొగమే చూస్తుంది.

మొన్న పెనుకొండలో నువ్వూ చూసినావు కదా, బకెట్టులో నాలుగు వేళ్ళ నీళ్ళు కూడా లేవు. మా అత్త అయితే వాకిట్లో అందరికీ వినబడేటట్టు, "ఉప్పు మానితే దిగే కడుపు, సారాతో వచ్చిందంటిరే!" అని కేకలు వేసింది. ఇంకొక నెల చూసి గుడ్లు మన దొడ్లోనే ఉడకబెట్టుకోమంటుందేమో.

చీటీ చింపనీయలేదు. "నా బిడ్డ నా కోసరం రాసింది అదొకటే" అంది. మినపపప్పు మాటను మాత్రం బొగ్గుతో కొట్టివేసినాను.

చిన్నప్ప చేతికి ఇరవై అప్పళాలు ఇస్తున్నాను. ఆమె రుచి చూడకుండా చేసిన మొదటి పిండివి. అమ్మ మాట ఇది: "ఎర్రి నోట అబద్ధం రాదు. వాడు బాగుండాయంటే ఇట్లే చేసుకుంటా పోతా. బాగలేవంటే మళ్ళా నా నాలుకే దిక్కు, మీరెవురూ అడ్డం రావద్దు." ఆలోచించుకుని రాయి.

నీలావతి


ధర్మవరం
14-5-1961

అక్కా, కవరులో రెండు కాగితాలు పెట్టినాను. ఇది అమ్మకు చదివేది.

అమ్మా, అప్పళాలు అందినాయి. మా గదిలో నూనె లేదు, మూకుడు లేదు. చిన్నప్ప ఇంజిన్ పొయ్యి దగ్గర బొగ్గు పారను శుభ్రంగా కడిగి, దాని మీద ఒక్కొక్కటే పెట్టి లోపలి మంటకు చూపించినాడు. కండ్లు మూసి తెరిచేలోపల పొంగినాయి. షెడ్డులో ఉన్న పదిమందీ చుట్టూ చేరినారు. ఇరవైలో నాకు దక్కింది మూడే. డ్రైవరు, "ఎవురబ్బా చేసింది, ఉప్పు కొలిచి పోసినట్టుండాది" అన్నాడు. మా అమ్మ అన్నాను. నువ్వు రుచి చూడలేదంటే ఒక్కరూ నమ్మలేదు. ఇట్లే చెయ్యి. అక్క మొగం చూసుకుంటూ చెయ్యి. క్వార్టర్సుకు కొత్త అర్జీ పెట్టినాను, ఈసారి గుమాస్తాను ఏమీ అనలేదు.

నీ ఎర్రి

*

అక్కా, ఈ రెండో కాగితం నీకు. చదివి పొయ్యిలో వెయ్యి.

ఉప్పు తక్కువైంది. ఒక చిటికెడు. డ్రైవరు అట్లా అనలేదు, చప్పగా ఉండాయే అన్నాడు. చిన్నప్ప కూడా నోరు తెరవబోతే కాలు తొక్కినాను. మూడు నెలలుగా నువ్వు ఉప్పు లేకుండా తింటున్నావు కదా. నీ నాలుకకు కొంచెమైనా ఎక్కువగానే తోచి ఉంటుంది. ఆమె చూసింది నీ కనుబొమనే, అది ముందే కదిలింది. తర్వాత పిండిలో ఆమె చూడకుండా ఇంకొక చిటికెడు వెయ్యి.

అబద్ధం చెప్తున్నావని నిన్ను తిట్టినవాణ్ణి. ఇప్పుడు నేను రాసి, నిన్ను చదవమంటున్నాను.

ఆ మొదటి కాగితం చదివేటప్పుడు దాన్ని మొగానికి అడ్డంగా ఎత్తి పట్టుకో. కంటికి మసక వచ్చిందని చెప్పు. నీ కనుబొమలు మాత్రం ఆమెకు కనబడనీయవద్దు.